పల్చటి పూత, తెరిచిన తలుపు



పోయిన నెల ఇదే పేజీల కొత్త చద్దరు రంగు దిగకుండ ఎట్ల ఉతకాలో రాసిన. ఈ నెల కారుకు రంగు ఎట్ల వెయ్యాలో రాస్తున్న. నవ్వకుండ్రి. నాకు సైకిలు తప్ప వేరే బండి లేదని మన గల్లీల అందరికీ తెలుసు. నేను చెప్పే కారు జానెడు కూడ లేదు. పొడవు 17 సెంటీమీటర్లు. ప్లాస్టిక్‌ది. డబ్బాల ముక్కలు ముక్కలుగా వస్తది. మనమే విడదీసి, గీకి, రంగేసి, అతికిచ్చి కారు చెయ్యాలె. దాన్ని మోడల్ కిట్టు అంటరు.

మా మనవరాలు ఎనిమిదో తరగతి మంచి మార్కులతోని పాసయిందని పుణెల ఉండే మా మేనల్లుడు తెచ్చి ఇచ్చిండు. ధర విని మా ఇంటామె చేతిల బీడీ చేతిలనే ఆగింది. "ఇన్ని పైసలకు ఎన్ని వేల బీడీలు చుట్టాలె?" అన్నది. డబ్బా తెరిచి చూస్తే అందుల రంగు లేదు, గమ్ము లేదు. అవి వేరేగ కొనాలెనట. ఆమె ఇంకేం మాట్లాడలే.

అది తమియా అనే జపాన్ కంపెనీది. షిజువోకా ఊర్ల 1946ల కట్టె కోసే మిల్లుగా మొదలైందట. ముందు కట్టెతోని బొమ్మలు చేసి, తర్వాత ప్లాస్టిక్‌లకు మారిండ్రు. మిల్లు మూతపడుడే చూసినోళ్లం మనం, మిల్లు ఇట్ల మారిందంటె నాకు ముచ్చటైంది. డబ్బాలున్నది ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, 1966 నాటి బండి. గుండ్రటి వీపు, ఉబ్బిన కండ్లు. ఇంజిను వెనక ఉంటది. గాలితోనే చల్లబడుతది, నీళ్లు అక్కర్లేదు. అందుకే ముందల రేడియేటర్ జాలి కనబడది. ఆ బండ్లు మొత్తం 2 కోట్ల 15 లక్షలు చేసిండ్రు. ఆఖరుది 2003ల మెక్సికోల బయటికొచ్చింది. అసలు బండిని కొలిచి, ప్రతి కొలతను 24తోని భాగించి ఈ చిన్నది చేస్తరు. 24 అంగుళాలకు 1 అంగుళం అన్నట్టు.

ఈ 24 లెక్కను గట్టిగ గుర్తు పెట్టుకోండ్రి. రంగు సంగతంతా దీంట్లనే ఉన్నది. చిన్న కారు మీద రంగు అర మిల్లీమీటరు మందం పడిందనుకోండ్రి, అసలు కారు మీద అది 12 మిల్లీమీటర్లు అయినట్టు. అంటే కారుకు సిమెంటు గిలాబు చేసినట్టు. తలుపు సందులు పూడిపోతయి, పిడి కరిగిన కొవ్వొత్తి లెక్క అయితది. అందుకే మొదలుపెట్టేటోళ్లకు నేను చెప్పే మాట ఒక్కటే. పల్చగ వెయ్యి, ఆరనియ్యి, మళ్ల వెయ్యి.

ఈ మాట నాకు కొత్తది కాదు. మిల్లుల నేను 22 ఏండ్లు రంగ్ ఖాతాల పనిచేసిన. నూలు కట్టలను ఒకటే ముంచుల ముదురు రంగు చెయ్యాలని చూస్తే రంగు మీద మీదనే పడతది, ఉతికితే దిగుతది. నీలి రంగుకు ముంచాలె, తీసి గాలికి పెట్టాలె, మళ్ల ముంచాలె. గాలి తాకినంకనే రంగు పట్టుకుంటది. ఇంత తెలిసినోన్ని, కారు చేతికి రాంగనే అన్నీ మరిచిన. అది తర్వాత చెప్త. ముందు పని చెప్త.

మొదటి పని కడుగుడు. నూలుకు రంగెయ్యాలంటె ముందు సోడా వేసి ఉడకబెట్టి మైనం, జిడ్డు తీస్తం గద. లేకపోతె రంగు మచ్చలు మచ్చలుగ ఎక్కుతది. ప్లాస్టిక్‌కు కూడ జిడ్డు ఉంటది. అచ్చుల నుంచి ముక్క సులువుగ ఊడాలని అక్కడ నూనె లాంటిది వాడుతరు. గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, పాత పండ్ల బ్రష్షు చాలు. ఉడుకు నీళ్లు వద్దు, ముక్కలు వంగుతయి. కడిగినంక ఆరనియ్యాలె, వేళ్ల జిడ్డు మళ్ల అంటనియ్యొద్దు.

రెండోది విడదీసుడు. ముక్కలన్నీ ఒక చట్రానికి అంటుకొని ఉంటయి. చేతితోని విరవద్దు, విరిస్తే ముక్కల గుంత పడతది. చిన్న కటింగ్ ప్లేరుతోని కొంచెం దూరంగ కోసి, మిగిలిన మొటికను బ్లేడుతోని తియ్యాలె. తర్వాత పాలిష్ పేపరు పెట్టాలె. ముందు 400 నంబరు, తర్వాత 600, తర్వాత 1000. అచ్చులు రెండు కలిసిన కాడ సన్నటి గీత ఉంటది. కంటికి సరిగ ఆనది, గోరు పెట్టి జరిపితే తెలుస్తది. రంగు పడ్డంక ఆ గీత కొట్టొచ్చినట్టు కనబడతది. నేసిన బట్టల ఒక్క పోగు తెగితే ఎట్ల కనబడతదో అట్ల.

మూడోది అస్తరు. దుకాణపోళ్లు ప్రైమరు అంటరు. బూడిద రంగుది పల్చగ కొట్టాలె. అది రంగును పట్టి ఉంచుతది, మనం వదిలేసిన గీతలను కూడ చూపిస్తది. అప్పుడే దిద్దుకోవాలె.

నాలుగోది పై రంగు. మనవరాలు నీలం ఏరుకున్నది. నేను ఒక్క మాటే చెప్పిన. "బిడ్డా, ట్యూబ్‌లైటు కింద రంగు ఏరొద్దు, బయటికి రా." రంగ్ ఖాతాల షేడు చూడాలంటె నీడ పట్టున పగటి వెలుతురుల చూసేటోళ్లం. ట్యూబ్‌లైటు కింద ఒకటే అనిపించిన రెండు నీలాలు పగలు వేరువేరు అయితయి.

రంగులల్ల రకాలున్నయి. తమియా కాగితంల ప్రతి ముక్క కాడ ఒక నంబరు రాసి ఉంటది. ఎక్స్ అని ఉంటె మెరిసే రంగు, ఎక్స్‌ఎఫ్ అని ఉంటె మెరవని రంగు. ఇవి చిన్న సీసాలు, కుంచెతోని వేసుకోవచ్చు. టీఎస్ అని ఉంటె స్ప్రే డబ్బా, ప్లాస్టిక్ బాడీకి వాడేది. పీఎస్ అని ఉంటె మాత్రం తేవద్దు. అది రిమోట్ కార్ల పల్చటి బాడీలకు, ఆ ప్లాస్టిక్ వేరే.

ఇగ నా తప్పు చెప్త.

తమియా డబ్బా కొనాలంటె మళ్ల పైసలాయె. మా ఇంట్ల గేటుకు కొట్టిన స్ప్రే డబ్బా సగం మిగిలి ఉండె, అది కూడ నీలమే. రంగు రంగే గద అనుకున్న. దుమ్ము పడొద్దని తలుపేసిన, కిటికీ మూసిన, ఫ్యాను బందు పెట్టిన. మాది ఒక్క గది, వెనక చిన్న వంట జాగ. మా ఇంటామె మూలకు పండుకొని ఉన్నది. రాత్రి తొమ్మిది అయింది. "ఒక్కసారే, రెండు నిమిషాలు" అనుకొని దగ్గర పట్టి కసబిస కొట్టిన.

కారు మాట అటుంచుండ్రి. పావుగంటకు ఆమెకు దగ్గు మొదలైంది. ఆమె 35 ఏండ్ల సంది బీడీలు చుడుతున్నది, పొగాకు ధూళి ఛాతీల ఉండనే ఉన్నది. దగ్గు ఆగలే. లేచి కూసున్నది, ఊపిరి అందక నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. ఆటోల దవాఖానకు తీస్కపోయినం. మూతికి మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టిచ్చిండ్రు. డాక్టరమ్మ అడిగింది, "ఇంట్ల ఏం కాలింది?" అని. ఏం కాలలేదమ్మా, రంగు కొట్టిన అని చెప్పిన. ఆమె నా దిక్కు చూసిన చూపు ఇప్పటికీ యాదికున్నది.

బయట బెంచీ మీద మనవరాలు అడిగింది, "తాతా, నా కారు వల్లనేనా?"

"కారు వల్ల కాదు బిడ్డా, తాత తొందర వల్ల" అన్న. ఇంకేం చెప్పాలె?

ఆ రాత్రి నిద్ర పట్టలే. రంగ్ ఖాతా యాదికొచ్చింది. ఎప్పుడు చూసినా తడి నేల, యాసిడ్ వాసన, కండ్లల్ల మంట. ఎవరి చేతులు చూస్తే వాళ్లు ఆ పూట ఏ రంగు కాడ ఉన్నరో తెలుస్తుండె. భోంగా మోగినంక ఆ చేతులతోనే అన్నం తినేది. బెల్లం తింటె ఛాతీల దుమ్ము దిగుతదని పెద్దోళ్లు చెప్తె తిన్నం. డబ్బా మీద ఏం రాసి ఉన్నదో చదివి చెప్పినోడు ఎవ్వడూ లేడు. అప్పుడు మనకు చెప్పినోడు లేడు, సరే. మరి ఇప్పుడు? నా చేతిల ఉన్న డబ్బా మీద గాలి ఆడే జాగల వాడాలని రాసే ఉన్నది. నేను చదవలే. మనవరాలు తెల్లారి చదివి చూపిచ్చింది.

కారును కూడ తెల్లారి చూసిన. నీలం ధారలు కారి తలుపు కింద గడ్డలు కట్టింది. వీపు మీద ప్లాస్టిక్ సన్నగ పగిలినట్టు గీతలు వడ్డది. గేటు రంగుల ఉండే ఘాటు ద్రావకం ఈ ప్లాస్టిక్‌ను తింటదని తర్వాత తెలిసింది. డబ్బా మూసి అటక మీద పెట్టిన. నెల దినాలు ముట్టలే. మనవరాలు కూడ అడగలే. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

డబ్బా కిందికి దించింది మా ఇంటామెనే. "పిల్ల రోజూ అటక దిక్కు చూస్తున్నది. తప్పు డబ్బాది కాదు, మూసిన తలుపుది. మిద్దె మీదికి పోయి చేసుకోండ్రి" అన్నది.

చెడిన పనిని ఎట్ల దిద్దుకున్నమో చెప్త, మీల ఎవరికన్న పనికొస్తది. తడి రంగును తుడవద్దు, ఇంక పాడైతది. పూర్తిగ గట్టిపడేదాక వదిలెయ్యాలె. మాది నెల ఆరనే ఆరింది. తర్వాత నీళ్లల్ల తడిపే పాలిష్ పేపరు 600 తీసుకొని, నీళ్లు పెట్టుకుంట గడ్డలు సమానమయ్యేదాక రుద్దినం, ఆ తర్వాత 1000. మూలల మీద, అంచుల మీద గట్టిగ రుద్దొద్దు, ప్లాస్టిక్ అరుగుతది. నాలుగు దినాలు పట్టింది. మళ్ల కడిగి, మళ్ల అస్తరు. ఈసారి ప్లాస్టిక్‌కు వాడే డబ్బానే తెచ్చినం.

మిద్దె మీద ఒక పెద్ద అట్టపెట్టెను పక్కకు పండబెట్టి, దాంట్ల కారు బాడీని ఖాళీ సీసా మీద నిలబెట్టినం. పొద్దున ఏడు, ఎనిమిది మధ్యల కొట్టాలె. మన సోలాపూర్ ఎండకాలం మధ్యాహ్నం కొడితే రంగు కారును తాకకముందే ఆరి, ఇసుక చల్లినట్టు గరుకుగ పడతది. వానకాలం ముసురుల కొడితే తేమ పట్టి తెల్లటి మబ్బు కడతది. డబ్బాను రెండు నిమిషాలు బాగ ఊపాలె. జానెడు, జానెడున్నర దూరం పట్టాలె. నొక్కుడు కారు బయట మొదలుపెట్టి, ఆపకుండ కారు మీదినుంచి జరిపి, అవతలికి దాటినంకనే వదలాలె. సాంచా మీద నాడె ఎట్ల ఇటు దాటి అటు పోతదో అట్ల. మధ్యల ఆగితే అక్కడ కారుతది.

మొదటి పూత మంచు పడ్డట్టు ఉండాలె. కింద బూడిద రంగు కనబడితే కనబడనియ్యి. పదిహేను, ఇరవై నిమిషాలకు రెండోది. మూడోదానికి నిండుతది. తర్వాత ముట్టొద్దు. మనవరాలు ఎండిందా అని వేలు పెట్టబోతె, "కారు మీద కాదు బిడ్డా, పక్కన చట్రం ముక్కకు కొట్టినం గద, దాన్ని ముట్టి చూడు" అన్న. ఇది మంచి ఉపాయం. చట్రం తుండును ఎప్పుడూ పక్కన పెట్టుకోండ్రి. కొత్త రంగు ముందు దాని మీదనే చూసుకోండ్రి. నేను గేటు రంగును అట్ల చూసి ఉంటె ఇంత కథ లేకపోవు.

బట్ట మాస్కు దుమ్మును కొంత ఆపుతది గని ఈ ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు డబ్బీలున్న మాస్కు వేరే ఉంటది. అది లేకుంటె, మిద్దె లేకుంటె, స్ప్రే జోలికే పోవద్దు. నీళ్లల్ల కలిసే రంగులు కుంచెతోని నాలుగైదు పల్చటి పూతలు వేసినా బాడీ బాగనే వస్తది. వాటికి వాసన తక్కువ. అయినా కిటికీ తెరిచే ఉండాలె. స్ప్రే డబ్బాల మంటంటుకునే గ్యాసు ఉంటది. పొయ్యి, దీపం, ఊదుబత్తి, బీడీ దగ్గర ఉండొద్దు.

ఇగ చిన్న పనులు. కారుకు అందం వచ్చేది వీటితోనే.

టైర్లకు నిగనిగ నలుపు వద్దు. రోడ్డు మీద టైరును చూడుండ్రి, అది నలుపు కాదు, ముదురు బూడిద. మెరవని రంగే బాగుంటది. ముక్కల మీద వెండి పూత ఉంటె గమ్ము పట్టది. అతికే జాగల మాత్రం బ్లేడుతోని పూత గీకాలె. అద్దాలకు ఇన్‌స్టంట్ గమ్ము అస్సలు పెట్టొద్దు, దాని ఆవిరికి అద్దం తెల్లబారుతది. తెల్ల ఫెవికాల్ చుక్క పండ్లపుల్లతోని పెడితే చాలు, ఎండినంక కనబడది.

తలుపు సందులు తేలాలంటె ఎనామిల్ నలుపును దాని థిన్నరుల బాగ పల్చగ కలిపి, సన్న కుంచె మొనను సందు మీద ఆనిస్తే చాలు. అదే ఉరికిపోతది, వత్తి నూనె పీల్చినట్టు. ఆరినంక చుట్టూ అంటినదాన్ని దూదిపుల్లకు కొంచెం ఎనామిల్ థిన్నరు అంటిచ్చి తుడవాలె. కింద టీఎస్ స్ప్రే పూర్తిగ ఎండి ఉంటె దానికి ఏం కాదు. అదే తిరగేసి, ఎనామిల్ మీద ఆ స్ప్రే కొడితే కింది రంగు ముడతలు పడతది. గట్టిది కింద, మెత్తది మీద. ఇది మరవద్దు.

ఆఖరుకు నంబరు ప్లేటు బొమ్మలు. అవి నీళ్ల బొమ్మలు. కత్తిరించి, గోరువెచ్చటి నీళ్లల్ల అర నిమిషం ముంచి తీస్తే, కాగితం మీదినుంచి పల్చటి పొర జారుతది. దాన్ని చినగకుండ, మడత పడకుండ జాగకు జరపాలె. నా వేళ్లు రంగ్ ఖాతాల మొద్దుబారినయి, వణుకు కూడ ఉన్నది. ఒకటి చింపిన. మనవరాలు చెయ్యి పెడితే మడత పడ్డది.

గడప కాడ కూసున్న మా ఇంటామె చాటను పక్కకు జరిపింది. "ఇటియ్యండ్రి" అన్నది. తడి తునికాకును కత్తిరించి, చినగకుండ చుట్టుడు ఆమెకు నిద్రల కూడ వస్తది. నీళ్ల బొమ్మను వేలి మొన మీద తీసుకున్నది, కారు వెనక పెట్టింది, తడి బట్టతోని ఒక్కసారి ఒత్తింది. గీత పెట్టినట్టు కూసున్నది. తర్వాత కారును తిప్పి తిప్పి చూసి, "ఈ తలుపు కింద ఇంక కొంచెం గడ్డ ఉన్నది" అన్నది. నిజమే, ఉన్నది. ఆ గడ్డను అట్లనే ఉండనిచ్చినం.

కారు ఇప్పుడు టీవీ పక్కన ఉన్నది. దుకాణంల పెట్టే అంత బాగ లేదు. పైసలు దండుగా అని అడిగేటోళ్లున్నరు. ఉండొచ్చు. మొదలుపెట్టేటోళ్లు ఇంత ధర కిట్టు కొనాలెనని లేదు. పిల్లల పాత ప్లాస్టిక్ కారు ఒకటి తీసుకొని కడుగుండ్రి, పాలిష్ పేపరు పెట్టుండ్రి, కుంచెతోని పల్చగ నాలుగు పూతలు వెయ్యుండ్రి. చెయ్యి కుదిరినంక చూసుకోవచ్చు.

ఒక్కటే అడుగుతున్న. మన ఇండ్లల్ల చానామంది ఛాతీలు మిల్లు దుమ్ము, పొగాకు ధూళి మింగి ఉన్నయి. గేటుకు రంగు కొట్టినా, పిల్లలు బొమ్మకు రంగేసినా, డబ్బా మీద రాసింది ఇంట్ల చదువొచ్చిన పిల్లతోని ముందు చదివిచ్చుకోండ్రి. తలుపు తెరువుండ్రి. దగ్గేటోళ్లను బయట కూసోబెట్టుండ్రి. దుమ్ము పడితే రుద్ది తియ్యొచ్చు.

వచ్చే నెల పాత టెరి టవళ్లతోని కాళ్ల పట్టాలు కుట్టుడు సంగతి రాస్త. అది మా ఇంటామె చెప్తది, నేను రాస్త.